ఎర్ర గుర్తు

మధ్యాహ్నం మూడు గంటలకు, ఆల్ప్స్ కొండల మీద ఎగురుతున్న రెమీ గ్లైడర్ ఎత్తు కోల్పోయింది. దానికి ఇంజిను లేదు, ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. కింద క్లబ్బులో రేడియో ముందు అతని అక్క ఒదీల్ కూర్చుని ఉంది. గ్లైడర్లలోని డిజిటల్ పటాన్ని ఏటేటా సరిచేసేది ఆమే.

"అక్కా, మార్సెలాన్ పొలంలో దిగుతున్నా. పటంలో దిగొచ్చని పచ్చ గుర్తుంది."

"దిగకు! నీది నిరుటి పటం. కొత్తదాంట్లో అది ఎర్ర గుర్తు. కొండ మీంచి గడ్డిమోపులు దించడానికి మార్సెలాన్ పొలానికడ్డంగా ఇనప తీగ కట్టాడు. పొద్దున కొత్త పటం ఎక్కించుకోరా అంటే, కొండలేమన్నా నడిచిపోతాయా అన్నావు."

"దెప్పడానికిదా సమయం? ఇక్కడ తీగేం కనపడట్లేదు."

"సన్నటిది. పైనుంచి కనపడదు."

"నువ్వు చూశావా?"

 తీగ సంగతి ఒదీల్‌కు మార్సెలాన్ ఫోన్లో చెప్పాడు. అంతకుముందు, గ్లైడర్లు దిగి గడ్డంతా పాడుచేస్తున్నాయని క్లబ్బుకొచ్చి రెండుసార్లు గొడవపడ్డాడు. ఆమె వెళ్లి చూడకుండానే గుర్తు మార్చేసింది.

"చూశావా అక్కా?"

"లేదురా. ఆయన చెప్పాడంతే."

"త్వరగా చెప్పు. పొలం కాదంటే ఏటి ఒడ్డే. అంతా రాళ్లు."

తీగ ఉంటే మెడ తెగుతుంది.

"ఒడ్డుకే పో."

"సరే. నీ మాటే."

రాళ్ల మీద గ్లైడర్ రెక్క విరిగింది. రెమీ కాలు రెండుచోట్ల విరిగింది. అతన్ని మోసుకొచ్చినవాళ్లు మార్సెలాన్ పొలం మీదుగానే నడిచారు. అక్కడ ఆవులు మేస్తున్నాయి. తీగ లేదు.