అసలు సిసలు తుపాను

"మీ బడి పైకప్పు ఎన్నింటికి పడిందమ్మా?" అని అడిగాడు ఇంజనీరు.

నాలుగున్నరకని చెప్పింది పెద్ద టీచరమ్మ. ఆ రోజు సెలవిచ్చారు కాబట్టి సరిపోయిందనీ, లేకపోతే ముప్పయ్యారు మంది పిల్లలు ఆ రేకుల కింద ఉండేవారనీ కూడా చెప్పింది.

ఇంజనీరు రిజిస్టరు తిప్పి, ఒక గీత మీద వేలు పెట్టి, జాలిగా తలాడించాడు. తుపాను బలహీనపడి వాయుగుండంగా మారింది నాలుగింటికట. తుపానుకు పడితే వారంలో కొత్త కప్పు వేస్తారు. వాయుగుండానికి పడిన కప్పుకు పథకం లేదు.

"పడగొట్టింది గాలే కదండీ?"

"గాలేనమ్మా. కానీ అప్పటికది ఏ హోదాలో ఉందో చూడాలి కదా."

అరగంట పోట్లాడింది. ఎక్కడో వాతావరణ ఆఫీసు డాబా మీద కొలిచిన గాలికీ మా బడి మీద వీచిన గాలికీ ఏం సంబంధమని నిలదీసింది. చివరికి ఇంజనీరు ఆమెను వదిలించుకోవడానికి ఒక మాట అనేశాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ల నోట్లోంచి అలాంటి మాటలు ఊరికే ఊడిపడుతుంటాయి.

"ఈసారి తుపాను వస్తే, అది మధ్యలో ఎక్కడా గంటకు అరవై రెండు కిలోమీటర్లకు తగ్గకుండా, తుపానుగానే మీ బడి దాటిందని రుజువు తెండి. అక్కడికక్కడే సంతకం పెడతా."

ఆమె నమ్మింది. లెక్కలు చెప్పే మనిషి, రుజువంటే లోకం దిగొస్తుందనుకునే రకం.

ఆ రోజు నుంచి ఆమెకు తుపాన్ల పిచ్చి పట్టింది. బడి ఆవరణలో గోడ నీడ జరిగినకొద్దీ పిల్లలు పలకలు పట్టుకుని జరుగుతూ చదువుకుంటున్నారు. వాళ్లను చూసినప్పుడల్లా రేడియో చెవికి ఆనించుకునేది. వంటింటి గోడకు సముద్రం పటం అంటించింది. పొయ్యి మీద ఏది మాడినా పటం ముందు నుంచి కదిలేది కాదు. కాలేజీవాళ్లను బతిమాలి, గాలి వేగం కొలిచే యంత్రం అరువు తెచ్చి స్కూటరు హ్యాండిలుకు కట్టింది. కోడలికి గాలి సోకిందని అత్త వీధంతా చెప్పుకుంది. దర్జీ పని చేసే మొగుడు మిషను మీంచి తలెత్తకుండానే, "సోకితే బాగుండేదమ్మా, దొరకడం లేదనే దాని ఏడుపు" అన్నాడు.

మొదటి తుపాను ఒడ్డు దాకా వచ్చి పక్కకు తిరిగింది. రెండోది సముద్రంలోనే చచ్చింది. గండం గడిచిందని జనం ఊపిరి పీల్చుకుంటే, ఈమె రేడియో కట్టేసి ముసుగు తన్ని పడుకుంది.

మూడోది వచ్చింది. జనమంతా మూటాముల్లె సర్దుకుని లోపలికి పారిపోతుంటే, పెద్ద టీచరమ్మ స్కూటరు మీద ఒడ్డుకు ఎదురెళ్లింది. పోలీసు ఆపి ఎక్కడికని అడిగాడు.

"తుపానును బడి దాకా తీసుకురావడానికి."

పోలీసు వెనక సీటు మీదున్న మొగుడి వంక చూశాడు. "నన్ను చూస్తారేంటండీ, నేను అంకెలు రాయడానికొచ్చా" అన్నాడు మొగుడు.

ఒడ్డు నుంచి బడి దాకా స్కూటరు మీద దాని వెంటే వచ్చారు. పావుగంటకోసారి ఆగి కొలవడం, రాయడం. డెబ్బై. డెబ్బై ఆరు. స్కూటరు అద్దం ఎగిరిపోయింది. ఒక కొమ్మ ముందు చక్రానికి మూరెడు దూరంలో కూలింది. సగం దారిలో యంత్రం అరవై మూడు చూపించింది. ఆమె వెనకబడిన పిల్లను బుజ్జగించినట్టు, "ఇంకొంచెం తల్లీ, వచ్చేశాం, ఇప్పుడు తప్పితే ఎలా" అని గాలిని బతిమాలింది. మొగుడు ఆ మాట రాయలేదు. మధ్యాహ్నం మూడింటికి బడి గోడ పక్కన ఇద్దరూ బోర్లా పడుకుని యంత్రం పైకెత్తితే, ఎనభై ఒకటి. ఎదురింటి పోస్టుమాస్టరు కిటికీ సందులోంచి చెయ్యి చాపి సాక్షి సంతకం పెట్టాడు.

నాలుగో రోజున ఆ నోట్‌బుక్కు ఇంజనీరు బల్ల మీదికి వచ్చింది. ఆయన ప్రతి పేజీ చదివాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత శుభ్రమైన రుజువు చూడలేదన్నాడు. గుమాస్తాను పిలిచి మరీ చూపించాడు. ఇది వాయుగుండం కాదు, అసలు సిసలు తుపాను అని ఒప్పుకుని కలం మూత తీశాడు.

"ఇంతకీ ఈ తుపానుకు ఏం పడిందమ్మా?"

"కప్పండీ. బడి కప్పు."

"అది పోయినసారి వాయుగుండానికి పడింది కదా. ఈ తుపాను వచ్చేసరికి అక్కడ కప్పెక్కడుంది?"

 ఇంజనీరు కలానికి మూత పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ఇంత కష్టం ఊరికే పోకూడదనుకున్నాడేమో, ముందుకు వంగి, గుమాస్తాకు వినపడకుండా ఉపాయం చెప్పాడు.

"ముందు మీరు ఎలాగోలా ఒక కప్పు వేయించుకోండమ్మా. దాన్ని తుపాను పడగొట్టిందనుకోండి, వారంలో కొత్తది వేయించే పూచీ నాది."