ఏం కూర?

కాకినాడలో ఇప్పుడు ఇంటి గోడలే పలకరిస్తున్నాయి. మనుషులకు ఆ శ్రమ తప్పింది. పూటపూటా "తిన్నారా?" అని అడిగే ఆ గోడను డిజైన్ చేసింది సువర్చలే. గరిటె కాడలకు డిజైన్లు గీస్తూ మొదలైన ఆమె ఉద్యోగం, ఆ గోడతోనే డిజైన్ హెడ్ దాకా వెళ్లింది.

ఆ గోడ తయారవుతున్నప్పుడు ఆమె జూనియర్ భార్గవ్ నసిగాడు. "ఎవరైనా తిన్నానంటే, ఏం కూర అని కూడా అడగాలి కదండీ మేడమ్?"

"కూరతో గోడకేం పనయ్యా!" అని కొట్టిపారేసింది.

రిటైరై ఒంటరిగా ఉంటున్న సువర్చల, ఆ మధ్యాహ్నం ఓపిగ్గా గుత్తివంకాయ వండుకుని తిన్నది. చెయ్యి కడుక్కుంటుంటే గోడ ఆప్యాయంగా పలకరించింది.

"తిన్నారా?"

"తిన్నాను."

"సంతోషమండీ," అని గోడ ఊరుకుంది.

సువర్చల తడిచేత్తో అలాగే నిలబడింది.

"గుత్తివంకాయ," అంది చివరికి, ఎవరూ అడక్కుండానే.