ఏడో రూలు

ప్రేమదాసు సారు ఆలస్యంగా రావడం ఎంకపల్లి గ్రౌండులో అదే మొదటిసారి. తొమ్మిదింటికి మొదలు కావాల్సిన ఫైనల్‌కు తొమ్మిది నలభైకి వచ్చాడు. పది నిమిషాలు లేటైతే ఓడినట్టే అని నాలుగో రూలు రాసిన మనిషి!

"నాలుగో రూలు అంపైరుకు లేదా సార్?" అన్నాడు ఎంకపల్లి కెప్టెన్ బాలరాజ్.

"ఉన్నది. ఓడిపోయిన తియ్యి," అన్నాడు సారు.

స్కూటర్ స్టాండు వేసి, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. జేబులోంచి రూల్స్ కాయితం తీశాడు. టైపు చేసిన ఆరు రూల్స్ కింద ఇంకోటి పెన్నుతో రాసి ఉంది. గుండ్రంగా రాసే మనిషి, ఆ ఒక్క లైను మాత్రం కోడి గీకినట్టు రాశాడు.

ఎంకపల్లి బాల్ హాకీ అంటే పెద్ద ఆటేమీ కాదు. టెన్నిస్ బంతి, ఎవరికి దొరికిన కట్టె వాళ్లది. జట్టుకు ఆరుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. తోటమాలులు, వంటవాళ్లు, వాచ్‌మెన్లు ఏడాదికి ఒక రెండో శనివారం చిన్నపిల్లలైపోతారు, అంతే. రిటైరైన డ్రిల్లు సారు ప్రేమదాసు, ఫాంహౌస్ తోటమాలి శంకరయ్య కలిసి ఎనిమిదేళ్ల కిందట మొదలుపెట్టారు. రూల్స్ చెప్పేది శంకరయ్య, రాసేది ప్రేమదాసు. కట్టె నడుము పైకి లేవొద్దు. ఎవరి అవ్వనూ తిట్టొద్దు, తిడితే ఐదు నిమిషాలు బయట. అంపైరు మాట తప్పైనా ఒప్పే. ఆ ఆరోది దోస్తు మీద ప్రేమతో శంకరయ్య పెట్టించాడు.

ఈసారి శంకరయ్య లేడు. ఊపిరాడక నాలుగు రోజుల నుంచి చేవెళ్ల దవాఖానలో ఉన్నాడు. ఏటా ఆయన గీసే సున్నం గీతలను నిన్న సాయంత్రం సారే గీశాడు. అవి ఎటు పోవాలనుకుంటే అటు పోయాయి.

శంకరయ్య కూతురు నీలవేణి అజీజ్‌నగర్ జట్టుకు కెప్టెన్. అక్కడే ఒక ఫాంహౌస్‌లో వంట చేస్తుంది. ఈసారి ఆడనని మొండికేసింది. "నువ్వు కప్పు తేకపోతే నేను గోలీలు మింగ" అని తండ్రి అంతకంటే మొండికేశాడు. ఎనిమిదేళ్లలో అజీజ్‌నగర్ ఒక్కసారీ కప్పు ముట్టలేదు మరి. గెలిచిన నిమిషంలోనే వీడియో కాల్ చేసి కప్పు చూపిస్తానని ఒట్టు పెట్టి, తల్లిని తండ్రి దగ్గర ఉంచి నిన్న వచ్చేసింది. ఆమె ప్రాణమంతా ఆ కాల్ మీదే ఉంది.

ఆట ముందు సారు రూల్స్ చదవాలి, ఒక్కోదానికి అందరూ "ఒప్పుకున్నం" అని అరవాలి. అది ఆచారం. ఆరింటికీ అరిచారు.

"ఏడు." సారు గొంతు సవరించుకున్నాడు. "ఆడేటోళ్లయి, చూసేటోళ్లయి, ఫోన్లన్నీ ఈ డబ్బల ఎయ్యాలె. ఆఖరి విజిల్ కొట్టినంకనే ఇస్త."

ఎవరూ అరవలేదు.

"చూసేటోళ్లయి ఎందుకు సార్? మేమేమన్న పరీక్ష రాస్తున్నమా?" అన్నాడు బాలరాజ్.

"ఆరో రూలు," అన్నాడు సారు.

గొణుక్కుంటూనే వేశారు. బల్ల మీద పెట్టిన ఖాళీ బియ్యం డబ్బా సగం నిండింది. "శంకరన్న ఉంటే గిట్ల కానిస్తుండెనా? అడిగేటోడు లేక ఇష్టమొచ్చినట్లు రాస్తున్నడు," అంది స్కోరు రాసే ఎస్తేర్, అందరికీ వినబడేలా. సారు డబ్బాను తన దగ్గరికి జరుపుకున్నాడు.

నీలవేణి ఫోను వదల్లేదు. "నాదొక్కటి ఉండనియ్యుండ్రి సార్. బాపు దవాఖానల ఉన్నడు, మీకు ఎరుకనే కదా."

"రూలు రూలే బిడ్డా."

ఆమె ఫోను డబ్బాలోకి విసిరినంత పని చేసింది. "గిసొంటి మనిషితోని మా బాపు దోస్తాన ఎట్ల జేసిండో!"

ఆ కోపంతోనే ఆడింది. సగం ఆటకు ఎంకపల్లి ఒక గోలు ముందుంది. విరామంలో మళ్లీ వచ్చింది. "ఒక్క నిమిషం సార్. దవాఖానల ఉన్న మా అవ్వతోని మాట్లాడి మళ్ల మీకే ఇస్త."

"ఆట కాలేదింక."

మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. వెళ్లగానే గోలు కొట్టింది.

అప్పుడే చేవెళ్ల రోడ్డు మీంచి ఒక బండి వచ్చి ఆగింది. శంకరయ్య ఇంటి పక్క హన్మంతు. తిన్నగా గ్రౌండు వైపు నడిచాడు. సారు విజిల్ ఊది ఆట ఆపాడు. అరవై ఐదేళ్ల మనిషి పరుగెత్తి, అతని చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో అన్నాడు. తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. హన్మంతు తల దించుకుని కూర్చున్నాడు.

"ఎనిమిదో రూలు గూడ ఉన్నట్టున్నది," అన్నాడు బాలరాజ్. అందరూ నవ్వారు.

ఇంకో రెండు నిమిషాలుందనగా నీలవేణి రెండో గోలు కొట్టింది. అజీజ్‌నగర్ వాళ్లు అప్పుడే గెంతడం మొదలుపెట్టారు. సారు మాత్రం విజిల్ ఊదడు. గడియారం చూస్తాడు, నీలవేణిని చూస్తాడు, మళ్లీ గడియారం చూస్తాడు.

"టైమై మూడు నిమిషాలాయె సార్!" అని అరిచింది ఎస్తేర్.

ఊదాడు. అది సగమే మోగింది.

నీలవేణిని భుజాల మీదికెత్తి తిప్పారు. కిందికి దిగగానే కప్పు చంకన పెట్టుకుని బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కోపమంతా ఎటో పోయింది. ఒళ్లంతా దుమ్ము, ముఖమంతా నవ్వు.

"ఇగ ఇయ్యుండ్రి సార్ ఫోను! బాపు ఎదురు చూస్తుంటడు."

సారు లేచి నిలబడ్డాడు. డబ్బా మూత మీద చెయ్యి పెట్టాడు కానీ తీయలేకపోయాడు.

ఆ పొద్దున ఎనిమిదింటికి, దవాఖాన మంచం మీద, ఊపిరి ఆగిపోవడానికి కాస్త ముందు, ఆట అయ్యేదాకా బిడ్డకు ఫోన్ చెయ్యనని భార్య చేత ఒట్టు వేయించుకుని, ప్రేమదాసు చేత ఆ ఏడో రూలు రాయించింది శంకరయ్యే.