క్యానులో శేర్వా

శేర్వాలో రెండు పిడికిళ్ల ఉప్పు వేసి, చేయి దులుపుకుంటూ వంగినప్పుడు తాయమ్మకు ఆ క్యాను కనిపించింది.

ఐదు లీటర్ల స్టీలు క్యాను. పొయ్యి వెనక, గోనెపట్టా కింద. మూత తీస్తే నిండా శేర్వా, ఇంకా పొగలు కక్కుతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. కోడలి మీద చాన్నాళ్లుగా అనుమానం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, తాయమ్మ పట్టేసింది.

ఎమ్మిగనూరులో తాయమ్మ బన్నులంటే తెలియనివాళ్లు లేరు. అరచేతిలో ఇమిడే చిన్న బన్ను. వెన్న రాసి పెనం మీద కాల్చి, నాలుగు గంటలు ఉడికిన పెద్దకూరను పీచులుగా తీసి మధ్యలో పెడుతుంది. పక్కన చిన్న గిన్నెలో వేడి శేర్వా. ముంచుకుని తినాలి. నిశ్చితార్థమైనా, క్రిస్మస్ అయినా, పెద్దకూర తినే ఇళ్లన్నీ ఆమెకే కబురు పెడతాయి.

ఈరోజు బన్నులు ఆదోనికి పోవాలి. కోడలు అంజలి మేనమామ గోవిందు కూతురి నిశ్చితార్థం. పెళ్లికొడుకు తరఫున చిప్పగిరి నుంచి ఎనభై మంది వస్తున్నారు. ముప్పై ఏళ్ల పేరు నిలిచేదీ అక్కడే, పోయేదీ అక్కడే.

క్యాను పట్టుకుని తిరిగి చూస్తే, అంజలి శేర్వాలో బన్ను ముంచుతోంది.

తాయమ్మ దాన్ని కోడలి చేతిలోంచి కొట్టి పడేసింది.

"ఎన్ని తూర్లు సెప్పల్ల నీకు? వడ్డించకముందే మన నోరు తగలగూడదని! ఎంగిలి కూడు పెడతావా మందికి?"

"అట్లగాదత్తా, ఒక్క చుక్క..."

"తిండి యావ! ఇదేంది? మీయమ్మకు దాచినావా? నాకు తెల్దనుకున్నావా?"

అంజలి క్యాను వైపు చూసింది. అది దొంగచూపేనని తాయమ్మ ఇంకా మండిపడింది.

కొడుకు ప్రేమ్ కుమార్ ఆటోలో బన్నుల బుట్టలు సర్దుతూ తల లోపలికి పెట్టాడు. "అమ్మా, మునుపు నువ్వు గూడా రుచి సూస్తాంటివి గదా?"

"మునుపు మునుపే! పెండ్లాం కొంగు పట్టుకోని నాకు సెప్పొస్తావా?"

అత్త మీది కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ అది తిరగబడింది. తాయమ్మ గిన్నెలు ఎత్తేసింది, గరిట విసిరేసింది, ఉప్పు డబ్బాలో చేయి పెట్టి మరో పిడికెడు శేర్వాలో కొట్టింది.

"అత్తా, ఉప్పు..."

"నోరు మూయ్! ఈ పొద్దు నువ్వు డేక్సా దగ్గరికొస్తే కాళ్లిరగ్గొడతా. నడువు. మీ మేనమామ ముందరే తేలుస్తా."

ఆదోని దాకా ఆ క్యానును తాయమ్మ ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. సాక్ష్యం కదా. దారి పొడవునా తిడుతూనే ఉంది. అంజలి వెనకాల శేర్వా డేక్సా పట్టుకుని కూర్చుంది.

గోవిందు ఇంటి ముందు షామియానా వేశారు. మొదటి బన్ను పెళ్లికొడుకు తాత ఓబన్నకు ఇచ్చారు. ముసలాయన శేర్వాలో ముంచి కొరికాడు. రెండుసార్లు నమిలి ఆగిపోయాడు.

"నీళ్లు," అన్నాడు.

గోవిందు గాబరాగా తనూ ఒకటి ముంచి తిన్నాడు. ముఖం మాడిపోయింది. "వదినా, ఇది ఉప్పు కషాయం. ఇంతమందిలో నా పరువేం గావల్ల?"

తాయమ్మ కొంగు బిగించింది. "ముప్పై ఏండ్ల చేయప్పా నాది! నన్నెవరూ ఒక మాట అన్లేదు. అడుగు నీ మేనకోడల్ని. ఎంగిలి పెట్టేది అది, దొంగతనం చేసేది అది. మీయక్కకని ఏం దాచిందో సూడు!"

క్యాను తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది. నలుగురూ మూగారు. గోవిందు మూత తీసి, అందులో బన్ను ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఇదేంది వదినా? దీంట్లో ఉప్పే లేదు. ఉప్పు పడకముందే తీసినట్టుంది. చప్పటి శేర్వా ఎవరన్నా దాస్తారా?"

తాయమ్మ క్యానులోకి తొంగి చూసింది.

అంజలి ముందుకొచ్చింది. ఎవరినీ అడగకుండా క్యాను ఎత్తి డేక్సాలో మొత్తం వంచింది. అడుగు దాకా కలియబెట్టింది. అత్త చూస్తుండగానే బన్ను ముంచి తిన్నది. తర్వాత ఓబన్న దగ్గరికి కొత్త గిన్నె తీసుకుపోయింది.

"తాతా, దోవలో తొణికి చిల్లిపోతాదని చిక్కంగా తెస్తాము. ఈడికొచ్చినాక చప్పటిది కలిపేది మా అత్త పద్ధతి. కలపకముందే నీకు ఇచ్చేసినారు."

ఓబన్న అనుమానంగానే ముంచాడు. తిన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"అట్ల సెప్పల్ల గదా పాపా! ఏయ్, అందరూ రాండప్పా!"

నవ్వులు మొదలయ్యాయి. బుట్టలు కదిలాయి. తాయమ్మ ఒక్కతే బల్ల పక్కన నిలబడి ఉంది. కోపం ఇంకా కుతకుతమంటూనే ఉంది, దాన్ని ఎవరి మీద పోయాలో తెలియడం లేదు.

అంజలి పళ్లెం తీసుకుపోతూ ఆమె చెవి దగ్గర వంగింది.

"ఇప్పుడు సరిపోయింది అత్తా. ఎవరన్నా అడిగితే నువ్వే రుచి సూసినావని సెప్తా."

కరోనా జ్వరం తగ్గిన నాటి నుంచి తన నాలుకకు ఉప్పూ కారమూ తెలియడం లేదన్న సంగతి ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసని, ఆ క్షణం దాకా తాయమ్మ నమ్ముతూ వచ్చింది.