బావని ఐడీ అడుగుతారా?

"సార్, ఐడీ చూపించండి."

అడిగింది కౌంటర్లో అమ్మాయి. అడిగించుకున్నది షాపు ఓనరు.

"అమ్మాయ్, నీ వెనక గోడ మీదున్నది నా ఫొటోనే."

ఆమె వెనక్కి తిరిగి ఫొటో చూసింది. ముందుకు తిరిగి మనిషిని చూసింది.

"అందులో నవ్వుతున్నారు సార్. ఇక్కడ నవ్వట్లేదు. ఐడీ."

ఓనరు కారు దాకా నడిచి ఐడీ తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు దుర్భిణి అని పేరు పడింది.

ఆ షాపులో కార్డు మిషను ముసలిది. పిన్ను అడగదు. గీకితే చాలు, దొంగ గీకినా దొర గీకినా ఒకేలా చీటీ కక్కుతుంది. అందుకే కార్డు మీద పేరూ ఐడీలో పేరూ కలిపి చూడాలని రూలు. దుర్భిణి పేరుతో ఆగేది కాదు. ఫొటోలో పుట్టుమచ్చ ఉంటే మొహం మీద దాన్ని వెతికేది. గడ్డం తీయించుకున్నవాళ్లు మళ్లీ పెరిగాకే సామాను కొనేవారు. కవలలైతే ఆ వీధిలోకే రావడం మానేశారు.

ఆ సాయంత్రం బావ వచ్చాడు. అక్క మొగుడు. ఆయన జోకు వేస్తే నాన్న పళ్లసెట్టు ఊడి పడేలా నవ్వేవాడు. పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా, బావ వచ్చి ఈమె ముందే నిలబడ్డాడు.

"అక్కడెవరూ లేరు కదా బావా?"

"నా మరదలు ఇక్కడుండగా పక్కవాళ్ల దగ్గరికి పోతానా? తిండి సహిస్తుందా?"

దుర్భిణి మనసు పాలలా పొంగింది.

బావ షాపులోకెల్లా ఖరీదైన ఫోను కౌంటర్ మీద పెట్టాడు. "మీ అక్కకి. ముందే నోరు జారావో, నీతో మాట్లాడను."

కార్డు ఇచ్చాడు. దాని మూల విరిగి, తెల్ల టేపు చుట్టి ఉంది.

"ఇదేంటి బావా, కార్డుకి కట్టు కట్టావు?"

"నీ చూపు తగిలింది. అందుకే నా ఐడీని ఇంట్లో దాచిపెట్టొచ్చా."

ఆమె పకపకా నవ్వి కార్డు గీకబోయింది.

"అమ్మా, ఆయన ఐడీ చూడలేదు."

బావ వెనక ఓ పెద్దాయన, చేతిలో ఇస్త్రీ పెట్టెతో.

"ఆయన మా బావండీ."

"కావచ్చమ్మా. అయినా ఒక్కసారి చూడండి."

"ఇంటల్లుణ్ని ఐడీ అడగాలా? రేపు మా అమ్మ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?"

పెద్దాయన తన ఐడీ తీసి ఆమె ముందుకు చాపాడు. "పోనీ, ఇది చూడమ్మా."

"మిమ్మల్నెవరడిగారు? మీరు కార్డిచ్చినప్పుడు చూస్తాలెండి."

"నా దగ్గర లేదమ్మా."

"చేతిలో కార్డు లేదుగానీ సలహాలు సంచీడు ఉన్నాయి," అన్నాడు బావ, వెనక్కి తిరక్కుండానే.

దుర్భిణి గొంతు పెంచింది. "పెద్దవారని ఊరుకుంటున్నా. కొనేదేం లేకపోతే దారివ్వండి."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. ఐడీ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇస్త్రీ పెట్టె అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె కార్డు గీకింది. మిషను చీటీ కక్కింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు పిలిచాడు.

"బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. నిన్న నువ్వమ్మిన ఫోను కొన్నది కొట్టేసిన కార్డుతో. ఐడీ చూశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఓనర్నే అడిగినదానివి కదమ్మా!"

"మా బావ సార్. ఏదో పొరపాటు జరిగుంటుంది. మీరే అడగండి."

మేనేజరు నంబరు కొట్టి, ఇద్దరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. తనెవరో చెప్పి, కార్డు సంగతి అడిగాడు.

"నాకేం తెలుసండీ?" అన్నాడు బావ. "మా మరదలే ఇచ్చింది. ఎవరో కౌంటర్లో మర్చిపోయారంది. వద్దమ్మా, తప్పు అని చెప్పాను. వింటేగా!"

"బావా!"

అవతల బావ గొంతు తగ్గించాడు.

"నువ్వూ అక్కడే ఉన్నావా? చూడు, ఒప్పేసుకో. చిన్నదానివి, వదిలేస్తారు. మీ అక్క సంసారం ఆలోచించు."

ఫోను కట్టయింది.

ఖాళీ కౌంటర్ వదిలి తన దగ్గరికే ఎందుకొచ్చాడో దుర్భిణికి అప్పుడు తెలిసింది. లోకం మొత్తాన్ని అనుమానించే పిల్ల తనొక్కణ్నే అనుమానించదని ఆయనకి తెలుసు. ఎంత వెతికినా ఆమెకు ఏడుపు కూడా దొరకలేదు.

"కెమెరాలో బొమ్మే గానీ మాట వినపడదు," అన్నాడు మేనేజరు. "ఆ కార్డు నువ్వివ్వలేదని చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఉద్యోగం పోవడం కాదు, పోలీస్ స్టేషనే."

ఉన్నాడు, ఒకే ఒక్కడు. ఇస్త్రీ పెట్టె పట్టుకుని బావ వెనకే నిలబడి, అన్నీ విన్నవాడు. ఆయన్ని ఏ ఊళ్లో వెతకాలి? ఏ మొహం పెట్టుకుని పిలవాలి?

మధ్యాహ్నం మళ్లీ బ్యాంకు ఫోను. మేనేజరు చాలాసేపు ఊఁ కొట్టి పెట్టేశాడు.

"కార్డు పోగొట్టుకున్నాయన ఫిర్యాదు మీ బావ మీదేనట. ఆ తెల్ల టేపు చూసి తన కార్డేనని అక్కడే పోల్చుకున్నాడట. అమ్మాయికి ఏ పాపం తెలీదు, ఆ కట్టేంటని బావని అడగడం నా చెవులతో విన్నాను, ఎక్కడికొచ్చి చెప్పమన్నా చెప్తానన్నాడట. మన షాపుకి మాత్రం ఇంక రాడట."

"ఆయన... విన్నారా సార్?"

మేనేజరు ఆమె వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

"నలుగురిలో మీ బావని దొంగ అనలేక, ఆ కార్డు మీదున్న పేరే నీకు చూపిద్దామని తన ఐడీ చాపాడట, నువ్వు చూళ్లేదట."