గోడకు నేర్పిన మాట

గోడలకు చెవులే కాదు, నోరు కూడా వచ్చేసిన రోజులవి. అద్దెకు దిగేవాళ్లు ఓనర్ని అడగడం మానేసి గోడనే అడుగుతున్నారు. అందుకే కాకినాడలో ఇంటి ఓనరు పేర్రాజు, పడగ్గది గోడ మీద చెమ్మ మరకలు కనబడకుండా కొత్త రంగేయించి, "చెమ్మ అన్న మాట నీ నోట వచ్చిందో, పగలగొట్టించి కిటికీ పెట్టించేస్తాను!" అని బెదిరించాడు.

చంటిపిల్లనెత్తుకుని ఇల్లు చూడ్డానికొచ్చిన హైమవతి అడగనే అడిగింది.

"ఏమ్మా గోడా, చెమ్మేమైనా ఉందా?"

"అబ్బే, ఎండబెట్టిన అప్పడంలా ఉన్నానమ్మా," అంది గోడ.

పేర్రాజు మీసం దువ్వుకుంటూ, ఆవిడకిద్దామని జేబులోంచి తాళాలు తీశాడు. ఇంతలో చంకలో పిల్ల ఖళ్లుఖళ్లున దగ్గింది.

"వానలొస్తే చాలండీ, దీనికి నెమ్ము చేసేస్తుంది," అంది హైమవతి దిగులుగా.

ఆ మాటకి గోడ మనసు కరిగిపోయింది.

"నాకూ అంతేనమ్మా!"