అట్ట లోపలి తేదీ

మీ చేతిలోని పవిత్ర గ్రంథమే మీకు ఎదురు సాక్ష్యం చెబితే ఏం చేస్తారు?

కల్లు మానండని, ఆ గ్రంథం చేతబట్టి పదేళ్లుగా కొల్లేటి గట్ల మీద గొంతు చించుకుంటున్నవాణ్ణి నేను. మొన్న మా ఊరి బంగారురాజు తాగి చేపల లారీ నడిపి, ఏలూరు రోడ్డు మీద ఒక ముసలాయన ప్రాణం తీశాడు. వాణ్ణి వదలకూడదని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

నిన్న కోర్టు వరండాలో వాడి తల్లి నాంచారమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"పదహారు నిండలేదని రుజువైతే పిల్లల్ని దిద్దే బడికి పంపుతారంటండీ. లేకపోతే పెద్దోళ్లతో పాటు రాజమండ్రి జైలేనంట. లైసెన్సులో పద్దెనిమిదని ఉందండి."

"రుజువేముందమ్మా?"

"మన ఊళ్లో పురుళ్లన్నీ మీ పుస్తకం అట్ట లోపలేగదండీ రాయించుకుంటాం. అది చూపించండి, పంతులుగారూ."

గ్రంథాన్ని గుండెకు అదుముకున్నాను. 1922 మాఘమాసం అని అందులో ఉంది. ఈ 1937లో వాడికి పదిహేనే. లైసెన్సు కోసం పద్దెనిమిదని రాసిచ్చిన కాగితం మీద ఉన్నది కూడా నా సంతకమే. "అట్ట తెరిస్తే నేనూ బోనెక్కాలమ్మా" అన్నాను.

"ఆ పద్దెనిమిది అడిగి రాయించింది నేనేగదండీ. నన్నూ కట్టెయ్యమనండి" అని ఆమె వెళ్లిపోయింది. ఆ వరండాలో నేనూ, గ్రంథమూ మిగిలాం.

తీర్పు ఈ రోజే. గ్రంథం తీసుకుని నేను కోర్టుకి బయలుదేరాను. ఏ బిడ్డకైనా లేని ఏళ్లు మీరూ రాసిచ్చి ఉంటే, మీరు చదువుతున్న ఈ కార్డు అక్కడ పెట్టి లేవండి. ఇవాళే వెళ్లి నిజం చెప్పండి!